తీసేసే ముందు

"ఆ పని మానేస్తే నిన్ను అడిగేవాళ్లెవరు?" అన్నాడు భర్త, ఆరిన బట్టల కుప్ప పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న ఆమెను చూసి. కోపంగా అని ఉంటే జవాబు చెప్పడం తేలికయ్యేది. నవ్వుతూ, చెప్పులు వేసుకుంటూ అన్నాడు.

నిజమే, అడిగేవాళ్లు లేరు. పాప పుట్టాక ఉద్యోగం మానేసిన నాటి నుంచీ ఆమె పట్టుకున్న పని అది. కంప్యూటర్లోకి కావలసిన సాఫ్ట్‌వేర్లు తెచ్చిపెట్టి, వాటిని ఎప్పటికప్పుడు కొత్తగా ఉంచే ప్యాకేజీ మేనేజర్ ఒకటుంది. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి ఊరికే ఇచ్చేస్తారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా ఓ చెయ్యి వేయవచ్చు. కోడు రాయడానికి నలభై మంది ఉన్నారు. అది ఎలా వాడాలో చెప్పే పేజీలు చూసుకునేది మాత్రం ఆమె ఒక్కతే. ఇల్లు తుడిచినట్టే ఉంటుంది ఆ పని. తుడిచినన్నాళ్లూ ఎవరి కంటా పడదు, ఒక్కరోజు మానేస్తే అందరి కాళ్లకూ దుమ్మే.

పది రోజుల్లో కొత్త వెర్షన్ రాబోతోంది. పాతదాన్నుంచి దానికి మారడం ఎలాగో చెప్పే పేజీలో మూడే ముక్కలున్నాయి: "పాత జాబితా తీసేయండి. కొత్త వెర్షన్ ఎక్కించండి. అంతే." కంప్యూటర్లో ఏమేం ఉండాలో రాసి ఉండేది ఆ జాబితాలోనే, అది పోతే అవన్నీ పోతాయి. ఆ 'అంతే' దగ్గరే జనం బోర్లా పడుతున్నారు. ముందుగా వాడి చూసినవాళ్ల నుంచి పదిహేడు ఉత్తరాలు వచ్చాయి. ఆస్పత్రిలో పేర్లు నమోదు చేసుకునే ఒకావిడ కంప్యూటర్లో ఉన్నవన్నీ ఎగిరిపోయి, పొద్దున్నే వచ్చిన రోగులంతా వరసలో నిలబడిపోయారట. "క్షమించాలి, నేనే సరిగ్గా చదివి ఉండను," అని మొదలుపెట్టింది ఆవిడ.

ఆ మాట దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయింది. తనూ అంతే కదా. పాపకు జ్వరం వస్తే, నీళ్ల మోటారు కాలిపోతే, ఆయన ఫైలు ఆయనే ఎక్కడో పెట్టి మరిచిపోయినా, ముందు తన నోట్లోంచే వచ్చేస్తుంది, "అయ్యో, నేను చూసుకోవాల్సింది" అని. ఎవరూ కాదనరు. కాదనకపోవడమే అలవాటై, ఇంట్లో ప్రతి తప్పుకూ ఒక చిరునామా ఏర్పడింది.

మార్చాలని రాస్తే, ఆ ప్రాజెక్టుకు పెద్దదిక్కయిన గడ్డపాయన ఒక్క వాక్యంలో తేల్చేశాడు. "చదివి చేస్తే ఏమీ కాదు, పొడుగు రాస్తే ఎవరూ చదవరు."

మర్నాడు ఆమె పాత ల్యాప్‌టాప్ ఒకటి దులిపి అత్తగారి ముందు పెట్టింది. ఆవిడ ఒకప్పుడు ఆఫీసులో టైపిస్టు. కోడలు ఆ పెట్టె ముందు కూర్చుంటే మూతి ముడుచుకునే మనిషి.

"ఇందులో రాసింది రాసినట్టు చేయండత్తయ్యా. ఎక్కడ అనుమానం వస్తే అక్కడ ఆగండి."

"పాడైతే నన్ననకు మరి," అంటూ కళ్లజోడు సర్దుకుంది అత్తగారు. మొదటి ముక్క దగ్గరే వేలు ఆగింది. "తీసేయమన్నాడు సరే. తీసేస్తే మళ్లీ వస్తుందా రాదా? చెప్పడేం?"

"రాదు."

"మరి నకలు ఉంచుకోమనాలి కదమ్మాయ్! ఇంత చదువుకున్నవాళ్లు, ఆమాత్రం తెలీదూ?"

ఆ వారమంతా ఆమె పేజీ తిరగరాసింది. ముందు జాబితాకు నకలు తీసుకోండి. నకలు తెరిచి, అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. తర్వాతే పాతది తీసేయండి. ఇప్పటికే తీసేసి ఉంటే కంగారు పడకండి, తప్పు మీది కాదు, ఇలా చేయండి. అత్తగారు నాలుగుసార్లు చదివి, నాలుగుసార్లూ ఏదో ఒకటి పట్టుకుంది.

శనివారం ఉదయం సమావేశం. తెరమీద తొమ్మిది మొహాలు. సగంలో తలుపు తోసుకుని భర్త వచ్చాడు. "పాప ఏడుస్తోంది, ఒకసారి లేస్తావా?"

"పన్నెండింటికి లేస్తాను. అప్పటిదాకా మీరు చూడండి," అంది, తెరమీంచి చూపు తిప్పకుండా. అతను కాసేపు నిలబడి, తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు. కాసేపటికి ఏడుపు తగ్గింది.

"'తప్పు మీది కాదు' అన్నది ఎందుకు? అది సూచన కాదుగా," అన్నాడు గడ్డపాయన.

"పదిహేడు మందిలో పదకొండు మంది క్షమాపణతో మొదలుపెట్టారండీ. పేజీ మనది. ఆ మాట ఉంటేనే నేను ఈ పేజీలు చూస్తాను. తీసేస్తే ఇంకెవర్నయినా చూసుకోండి."

గడ్డపాయన గడ్డం గోక్కున్నాడు. "సరే, ఉంచండి," అన్నాడు చివరికి.

పేజీ బయటికి వచ్చిన రోజు ఆమె దాన్ని తెరిచి అత్తగారికి చూపించింది. ఆవిడ పైనుంచి కిందికి చదివి, చివర్లో ఆ మాట దగ్గర ఆగి, కళ్లజోడు తీసేసింది.

"నాకు కళ్లు మసకబారి ఉద్యోగం మానేశానని చెప్తారు కదూ మీకందరికీ. కళ్లకేం కాలేదు. ఆఫీసరు రాసిచ్చిన కాగితంలోనే తేదీ తప్పుంది. ఉన్నది ఉన్నట్టు కొట్టాను. గొడవైతే, నా అజాగ్రత్తేనని రాయించి సంతకం పెట్టించుకున్నారు. మీ మామయ్యతో చెప్తే, 'పోనీలే, సంతకమేగా' అన్నారు. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు." చీర కొంగుతో కళ్లజోడు తుడుస్తూ ఉండిపోయింది. "ముప్పై ఒక్క ఏళ్లయింది. ఆ తప్పు నాది కాదమ్మాయ్."

పోనీలెండి అనలేదు ఆమె. పొయ్యి కట్టేసి వచ్చి, కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది.

"మొదటి నుంచి చెప్పండత్తయ్యా."