కలిసొచ్చే నంబరు

కంపెనీకి ఆర్డర్లు రావడం లేదంటే ఎవరైనా సరుకు చూసుకుంటారు. ఈ ఎండీ గారు ఉద్యోగుల ఐడీ నంబర్లు చూసుకున్నారు. ఆయనకు జ్ఞానోదయం చేయించింది బావమరిది. పనీపాటా లేనివాడు కాబట్టి కంపెనీకి సలహాదారు.

"బావా, నంబరులోని అంకెలు కూడి, వచ్చిన దానితో ఆ నంబరునే భాగించాలి. శేషం మిగిలిందా, ఆ మనిషి మనకు శని!" అని తేల్చేశాడు. పన్నెండుందనుకోండి, ఒకటీ రెండూ మూడు, మూడు నాలుగులు పన్నెండు, మనిషి బంగారం. పదమూడైతే నాలుగుతో పోదు, కాబట్టి మనిషే పోవాలి.

ఈ మహత్కార్యానికి కంప్యూటర్లో ఓ ఫంక్షన్, అంటే చిన్న ప్రోగ్రాం ముక్క, రాయమని ఆఫీసులోని అక్కకు పురమాయించారు. అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. ప్రోగ్రాములు రాయడం వచ్చింది అక్కడ ఆమె ఒక్కతెకే. నంబరిస్తే అవుననో కాదనో చెప్పాలి, అంతే, పావుగంట పని. రాసి, ముందు తన నంబరే కొట్టి చూసుకుంది. నలభై ఏడు. పదకొండుతో భాగిస్తే శేషం మూడు. "కాదు" అంది తెర.

ఇంకోసారి కొట్టి చూసింది, అదే జవాబు. మొగుడి దుకాణం మూతపడి ఆర్నెల్లు, ఇల్లు నడిచేది ఈ జీతం మీదే.

పక్క సీటు రిసెప్షనిస్టు మెల్లగా చెవి కొరికింది. "అక్కా, నలభై ఏడొస్తే అవుననమని ఒక్క లైను రాసెయ్యి. ఎవడు చూడొచ్చాడు?"

"మరి పదమూడో నంబరు డ్రైవర్ బాబాయికి ఎవరు రాస్తారే లైను? అందరికీ రాస్తే ఇక ఫంక్షనెందుకు, నా మొహం!" భయమేస్తున్నా అలా రాయడానికి ఆమెకు మనసొప్పలేదు.

మర్నాడు మీటింగు హాల్లో అందరి ముందూ పరీక్ష. పన్నెండు, అవును. చప్పట్లు. పదమూడు, కాదు. డ్రైవర్ బాబాయి తల దించుకున్నాడు. నలభై ఏడు, కాదు.

"అయ్యయ్యో, నువ్వూనా అమ్మా! ఏం చేస్తాం, రూలంటే రూలే. ఇవాళ్టితో ఆఖరు," అన్నారు ఎండీ గారు. కళ్లు తుడుచుకోవడం ఒక్కటే తక్కువ.

"ఇప్పుడు నీది కొట్టించు బావా!" అన్నాడు బావమరిది హుషారుగా.

ఎండీ గారి నంబరు సున్నా. అందరికంటే ముందుండాలని ఒకటిని కూడా కాదనుకున్న మహానుభావుడు. అక్క సున్నా కొట్టింది. అవునూ లేదు, కాదూ లేదు. తెర నిండా ఎర్రక్షరాలు పరుచుకుని ప్రోగ్రాం చతికిలబడింది. సున్నాకి ఇలా అవుతుందని అక్కకూ ముందు తట్టలేదు.

"ఏమంటోంది?"

"అంకెలు కూడితే సున్నాయే వచ్చింది సార్. సున్నాతో భాగించడం తన వల్ల కాదంటోంది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఎండీ గారి మొహం కందగడ్డైంది. "అయితే బాగుచెయ్యి! సున్నాకి అవునని రాసెయ్యి!"

"రాసేదాన్నే సార్. కానీ నలభై ఏడుకు ఇవాళ్టితో ఆఖరన్నారుగా." అక్క హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది.

ఎండీ గారు బావమరిది వంక చూశారు. బావమరిది ఫ్యాను వంక చూశాడు.

"ఎవరూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఈ నంబర్ల గోల ఇంతటితో సరి," అన్నారు ఎండీ గారు గొంతు సవరించుకుని. డ్రైవర్ బాబాయి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

అక్క తన సీట్లోకొచ్చి కూలబడింది. అయినా తను రాసింది అలా పడిపోవడం ఆమెకు నచ్చలేదు. ఫైలు తెరిచి, సున్నా వస్తే ఏం చెప్పాలో ఒక్క లైను రాసి సేవ్ చేసింది: "కాదు."