కోయని పేజీలు

శనివారం పొద్దున, లైబ్రరీకి పట్టుకెళ్లాల్సిన పాత నవల తెరిచి చూసింది మారివోన్. నలభై ఎనిమిదో పేజీ తర్వాత కాగితాలన్నీ అంచుల దగ్గర అంటుకునే ఉన్నాయి. పాత పుస్తకాలు అంతే కదా, మడతలు విప్పకుండానే కుట్టేవాళ్లు, చదివేవాళ్లే కత్తితో కోసుకుంటూ పోవాలి. దీన్ని అక్కడి నుంచి ఎవరూ కోయలేదు.

మరి మొగుడు గుల్వెన్ తనకు చదివి వినిపించిందేమిటి?

ఒక చలికాలమంతా, వేట లేక పడవ రేవులో కట్టేసి ఉన్న రోజుల్లో, ఆమె బంగాళాదుంపల తొక్క తీస్తుంటే పొయ్యి పక్కన కూర్చుని ఆయన చదివి వినిపించాడు. పన్నెండో ఏట బడి మాని సార్డీన్ చేపల ఫ్యాక్టరీలో చేరిన ఆమెకు అప్పట్లో అక్షరాలు కూడబలుక్కోవడమే గొప్ప. కథలో మొగుణ్ణి సముద్రం మింగిన ఆడది చివరికి ఎర్ర మేజోళ్లు తొడుక్కుని తనే వేటకు పోతుంది. "నాకూ ఉండేవిగా అలాంటివి, పెళ్లికి ముందు!" అని మురిసిపోయింది మారివోన్. గుల్వెన్ పోయి నాలుగేళ్లయినా ఆ ముగింపు ఆమెకు కంఠతా.

ఏటా జూన్‌లో ఊరి లైబ్రరీలో జనం వేసవి సెలవుల్లో చదవమని తమకు నచ్చిన పాత గొప్ప నవలలు బల్ల మీద పెడతారు. పెట్టినవాళ్లు లేచి నాలుగు మాటలు చెప్పాలి. వారం రోజులుగా మారివోన్ రొట్టెల కొట్లోనూ రేవులోనూ ఎర్ర మేజోళ్ల గురించే చెప్పింది. రిటైరైన లె ఫ్లోక్ మాస్టారు మీసాల చాటున నవ్వాడు కూడా.

"రెండుసార్లు చదివాను మదాం. మేజోళ్లు గుర్తు లేవే! సరే, శనివారం వింటాంగా."

ఇప్పుడు మారివోన్ కత్తి తీసింది. కోస్తే తెలిసిపోతుంది. మేజోళ్లు లేకపోతే అదంతా గుల్వెన్ అల్లిందేనా? ఒక్క పేజీ కోయడానికీ చెయ్యి రాలేదు. పుస్తకం, కత్తి రెండూ సంచిలో పడేసుకుని బయల్దేరింది.

"రా మామ్మా, నీ వంతే," అంది లైబ్రరీ చూసుకునే సొలెన్.

మారివోన్ లేచింది. పుస్తకం తెరిచి అంటుకున్న అంచులు చూపించింది.

"ఇందులో ఏముందో నాకు తెలీదు. నలభై ఎనిమిది పేజీలే కోసున్నాయి. మిగతాది మా ఆయన నోటంట విన్నదే. పుస్తకంలో ఉందనుకుని మీ అందరి చెవులూ తినేశాను."

వెన్న కేకు ముక్కలు పళ్లెంలోనే ఉండిపోయాయి. ఆమె మాస్టారి మొహం వంక చూడలేకపోయింది.

"ఇలా ఇవ్వండి, నేను తీసుకెళ్తా," అన్నాడాయన.

"రెండుసార్లు చదివారటగా!" అంది సొలెన్.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పాఠాల పుస్తకంలో దీంట్లోవి రెండు పేజీలుండేవమ్మా. ముప్పై ఏళ్లు అవే చెప్పాను. ఈ దేశంలో గొప్ప నవల చదవలేదని ఏ మాస్టారు ఒప్పుకుంటాడు చెప్పు?"

అందరూ గొల్లున నవ్వారు. మారివోన్‌కు మాత్రం నవ్వు రాలేదు. పుస్తకం మీద కత్తి పెట్టి ఇచ్చింది.

"మెల్లిగా కోయండి, చిరుగుతుంది. అందులో ఏముందో సెలవులయ్యాక సెప్టెంబరులో చెబుదురుగాని."

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"మాస్టారూ, మేజోళ్లు కనబడితే సెప్టెంబరు దాకా ఆగకండి. ఫోను చేయండి."

"కనబడకపోతే?"

"అప్పుడూ చేయండి."