మార్కండేయ సార్ ఎక్కిన మెట్లు

ఆదివారం అంట్లు తోమడం అయ్యాక సంజన స్టవ్ పక్కన పీట వేసుకుని నవల తెరిచేది. చీకటి కాలేజీలు, క్షుద్రవిద్యలు, శిష్యుల నెత్తురు తాగే గురువులు ఉండే నవలలంటే ముప్పై దాటినా ఆమెకు పిచ్చి. వాటిలో శిష్యులు ఎదురు తిరుగుతారు. అది చదివితేగాని ఆమె కోపం చల్లారేది కాదు. పుస్తకం తెరవగానే ఆ కాలేజీ నల్లరాతి మెట్లు వంటింటి గోడలోంచి లేచి, కప్పు దాటి పైకి పోయేవి. బోధన్‌లో ఆ గల్లీ అంతటికీ తెలిసిన సంగతే. అత్త సుమిత్రమ్మ బీడీలు చేస్తుంది. రాయి చెమ్మకు ఆకు మెత్తగా ఉంటుందని తునికాకు కట్టలు ఆ మెట్ల మీదే పెట్టుకునేది.

ఓ ఆదివారం అలా మెట్లు లేచి ఉండగా ఆమె పీహెచ్‌డీ గైడు మార్కండేయ సార్ ఇంటికొచ్చాడు. సంజన ఏళ్ల తరబడి రెంజల్ దిక్కు ఊళ్లు తిరిగి, చెరుకు కోసే ఆడవాళ్ల పాటలు సేకరించి పీహెచ్‌డీ రాసింది. అందులో సగాన్ని ఆయన తన పేరుతో పుస్తకంగా వేసుకుని శాలువా కప్పించుకున్నాడు. సిగ్గూ శరం లేని మనిషి, ఆ పుస్తకమే చంకలో పెట్టుకుని మరీ వచ్చాడు.

“ఆఖరి చాప్టర్ గూడ ఇయ్యమ్మా, సెకండ్ ఎడిషన్‌ల వేస్త. వచ్చే నెల నీ వైవా పెట్టిస్త. వైవాకొచ్చే బయటి సార్లకు మటన్ భోజనం నీదే, యాదుంచుకో.”

ఇవ్వకపోతే ఆయన సంతకం పెట్టడు. సంతకం లేకపోతే ఇన్నేళ్ల చదువూ గంగలో కలిసినట్టే.

ఆమె ఒళ్లో నవల చూసి సార్ నవ్వాడు. “ఈ వయసుల మంత్రాల కథలా?”

ఆ నవ్వుకు సంజనకు ఒళ్లు మండిపోయింది.

“గీ కథలల్ల సారు దొంగయితే దొంగ అనే రాస్తరు. మనకాడ శాలువా కప్పుతరు. గందుకే చదువుత.”

“నోరు బాగ లేస్తుందే! చాప్టర్ ఏది?”

“పైనుంది. పోయి తెచ్చుకోండ్రి.”

“పక్కకెల్లి ఎక్కుండ్రి సార్, ఆకు తొక్కకుండ్రి,” అని సుమిత్రమ్మ కట్టలు జరిపింది.

సార్ ధుమధుమలాడుతూ ఎక్కి కప్పు దాటాడు. సంజన టప్పున పుస్తకం మూసింది. మెట్లు గోడలోకి పోయాయి, ఆకు కట్టలు నేల మీద పడ్డాయి.

సార్ జాడ ఎంతకూ తెలియకపోయేసరికి యూనివర్సిటీ వాళ్లు ఆమెకు కొత్త గైడును వేశారు. వైవా అయింది. డాక్టరేట్ చేతికొచ్చాకే ఆమె మళ్లీ ఆ నవల తెరిచింది. మెట్లు లేవగానే పైనుంచి సార్ గొంతు వినబడింది.

“గా పుస్తకం నేను రాసింది! ఈ కాలేజీ గురువు వాని పేరు పెట్టుకుండు! ఎవ్వరన్న వినుండ్రి!”

“పాపం, దిగుమందామా బిడ్డా?” అంది సుమిత్రమ్మ.

“వద్దత్తమ్మా. ఆయన సదువు ఇప్పుడే షురూ అయింది,” అని సంజన పేజీ తిప్పింది.