లెక్కకు అందని నీళ్లు

పడవ కింద నేల పొడిగా ఉంది. ఆత్మారాంను భయపెట్టింది అదే.

పొద్దున మోటారు వేసి, పడవలో కూర్చునే బల్లల అంచు దాకా నీళ్లు నింపాడు. లోపలి గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు. పాత పడవను బాగుచేసేవాళ్లు చివర్లో చేసే పరీక్ష ఇది. ఏటిలో బయటి నీళ్లు లోపలికి వస్తాయి, ఇంటి వాకిట్లో లోపలి నీళ్లు బయటికి వస్తాయి. చిల్లు మాత్రం ఒకటే. ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టి, నీళ్లు తీసేశాక దాని పని పట్టవచ్చు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి చూస్తే నీళ్లు గీతకు రెండు వేళ్లు కిందికి దిగి ఉన్నాయి. పడవను ఎత్తి నిలబెట్టిన ఇటుకల మధ్య తల దూర్చి, పడవ అడుగంతా అరచేత్తో తడిమాడు. చేతికి అంటింది దుమ్మే. చెమ్మ లేదు.

ఆయన బి.ఎస్సీ. చదివి, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పనిచేసి, అది మూతపడేదాకా ఉన్న మనిషి. అక్కడ రోజూ ఒక లెక్క వేసేవాళ్లు. చెరకులో వచ్చిన తీపి ఎంత, బస్తాల్లోకి పోయింది ఎంత. పిప్పిలో పోయింది, రసం వడపోసిన మడ్డిలో పోయింది, మొలాసిస్‌లో పోయింది. ఇవన్నీ తీసేశాక కూడా కొంత తగ్గేది. దాన్ని లెక్కకు అందని నష్టం అనేవాళ్లు. తెలిసిన నష్టం ఎంత పెద్దదైనా పై అధికారులు కేకలేసి ఊరుకునేవారు. లెక్కకు అందనిది కాస్త పెరిగితే చాలు, అందరి గొంతులూ తగ్గిపోయేవి. ఎక్కడో ఏదో కారుతోంది, ఎక్కడో తెలియదు.

భార్య వసంతమ్మ విషయంలోనూ అంతే జరిగింది. రిపోర్టులన్నీ బాగున్నాయన్నారు. ఆమె చేతి గాజులు మాత్రం నెలనెలా వదులవుతూ వచ్చాయి. గాజులు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాక ఆమె నవ్వి, "సన్నగైతున్న, మంచిదే గద" అంది. ఆమె పోయి మూడేళ్లు దాటింది. కారణం కనిపించకుండా ఏదైనా తగ్గుతుంటే ఆత్మారాం ఇప్పటికీ దాన్ని వదలలేడు.

"ఏంది సారూ, పడవ కింద పన్నరు? ఇంట్ల మంచం లేదా?"

గేటు తీసుకుని లింగం వచ్చాడు. పడవ అతనిది. కోటగిరి దాటాక మంజీర ఒడ్డు పల్లెలో చేపలు పట్టుకునే మనిషి. ఎప్పుడో నీటి పంపుల దగ్గర తిరిగి, మూలన పడి, చివరికి పాత ఇనుము దుకాణం చేరిన అల్యూమినియం పడవను కొని ట్రాక్టర్ మీద ఆత్మారాం వాకిట్లో దింపాడు. ఇక్కడ జాగా ఉంది, డ్రిల్లు ఉంది, పొద్దుపోని మనిషి ఉన్నాడు. సొట్టలు తీసి, వదులైన రివిట్లు పీకి, నిజామాబాద్ పోయి కొత్తవి తెచ్చి బిగించి, రంగు వేసేసరికి చలికాలం గడిచిపోయింది. రంగు ఆరాలని ఆగడంతో నీళ్ల పరీక్ష ఈ ఆఖరి రోజుకు మిగిలింది. రేపు పొద్దున పడవను ఏటికి తీసుకుపోవాలి. గంగమ్మకు మొక్కు, చుట్టాలు, మేక, అన్నీ సిద్ధం.

ఆత్మారాం దుమ్ము దులుపుకుంటూ లేచాడు. "నీళ్లు తగ్గినయ్ లింగం."

లింగం వంగి కిందికి చూశాడు. "కారుతలేదు గద?"

"కారుతలేదు. గదే నా భయం."

లింగం పకపకా నవ్వాడు. "కారుతె భయపడేటోళ్లను సూసిన గని, కారకుంటె భయపడేటోళ్లను మిమ్మల్నే సూస్తున్న. ఎండ తాగింది పోండ్రి."

"మరి గా బకెట్ల నీళ్లు ఎండ ఎందుకు తాగలే?"

పడవ పక్కనే ఆయన నింపి పెట్టిన బకెట్ ఉంది. దాని మీదా గీత ఉంది. నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి.

"గోరింకలు తాగినయేమో. పొద్దుగాల్నుంచి పడవల్నె స్నానాలు చేస్తున్నట్టున్నయ్." లింగం నవ్వు ఈసారి కొంచెం తగ్గింది.

అతని వెనక విమలమ్మ ఉంది, అతని భార్య. గేటు దగ్గరే ఆగిపోయింది. చేతిలో సద్ది గిన్నె, అందులో ఆయన కోసం జొన్నరొట్టెలు. వాటిని గేటు పక్క అరుగు మీద పెట్టిందే కానీ పడవ వైపు రాలేదు.

పోయిన వానల్లో మొగుడూ పెళ్లామూ థర్మాకోల్ తెప్ప మీద వల తీయడానికి పోయారు. అతను వల లాగుతాడు, ఆమె తెడ్డు వేస్తుంది. పెళ్లయిననాటి నుంచి అలాగే. ఆ రోజు నడి ఏట్లో తెప్ప రెండుగా విరిగింది. లింగానికి ఈత వచ్చు. ఆమెకు రాదు. పలక ముక్కను కరుచుకుని, ఇంకో తెప్ప వచ్చేదాకా ఆమె నీళ్లలోనే ఉంది. అప్పటినుంచి ఏటి గట్టు ఎక్కలేదు. ఈ ఆర్నెల్లూ లింగం ఒక్కడే పోతున్నాడు. ఒక్కడే తెప్ప మీద నిలబడి వల లాగుతున్నాడు. అది ఎంత ప్రమాదమో ఆ ఒడ్డున తెలియనివాళ్లు లేరు. ఎంత బతిమాలినా రానన్న మనిషి, పదిహేను రోజుల కింద ఈ పడవను చూసి, "సారు చేసిండంటె కూసుంట" అంది.

ఇప్పుడు ఆమె గేటు దగ్గర నుంచే అడిగింది. "సారూ, నేను కూసోవచ్చునా?"

ఆత్మారాం మళ్లీ బకెట్ మీది గీత వైపు చూశాడు.

కూర్చోవచ్చు అంటే, రెండు వేళ్ల నీళ్లు ఎటు పోయాయో తెలియని పడవలో ఆమెను నడి ఏటికి పంపినట్టు. వద్దంటే ఆమె ఇక జన్మలో పడవ ఎక్కదు, లింగం మళ్లీ ఒంటరిగా తెప్ప మీద నిలబడతాడు. ఎటు అడుగు వేసినా కింద నీళ్లే కనిపించాయి.

"జర ఆగు బిడ్డా," అన్నాడు చివరికి.

పడవ వెనక అడుగున ఉన్న బిరడా తీశాడు. నీళ్లు ధారగా పోయి మందార మొక్క పాదులో నిండాయి. ఖాళీ పడవను గుడ్డతో తుడిచి, వేళ్ల కణుపులతో కొడుతూ ముందు నుంచి వెనక్కి వచ్చాడు. ముక్కు దగ్గర బల్ల మీద కొట్టాడు. ఖణ్ మంది. వెనక బల్ల మీద కొట్టాడు. అదీ ఖణ్ మంది. నడిమి బల్ల మీద కొట్టాడు.

దబ్ మంది. నానిన గోనెసంచిని కొట్టినట్టు.

లింగం ముందుకొచ్చి తానూ కొట్టి చూశాడు. మళ్లీ కొట్టాడు. అతని ముఖంలో నవ్వు పోయింది. "లోపల ఏమున్నది?"

బల్ల అంటే పైకి రేకు, కింద పడవ అడుగు దాకా నాలుగు వైపులా మూసేసిన పెట్టె. మూడు బల్లల్లో ఆ నడిమి దాన్ని ఆత్మారాం విప్పలేదు. దాని రివిట్లు గట్టిగా ఉన్నాయి, సొట్ట లేదు. బాగున్నదాన్ని కెలకడం ఎందుకని రంగు వేసి వదిలేశాడు.

"పడవ తేలెటందుకు లోపల థర్మాకోల్ లెక్క నురగ పలక పెడ్తరు," అన్నాడు. "గా పలక నీళ్లు తాగింది."

"తాగితె తాగనీ. కూసునే బల్లనే గద."

"ఇయ్యాల పైనుంచి తాగింది లింగం. ఏట్ల పడ్డంక కిందినుంచి తాగుతది. అడుగున ఎక్కడ సందున్నదో మనకు ఎర్కలేదు. పడవల ఒక్క సుక్క కనవడది, తోడిపోసెటందుకు నీళ్లుండయ్. ఊకెనే బరువైతది. వల బరువు అనుకుంటరు. ఇయ్యాల చేపలు మస్తు పడ్డయ్ అనుకుంటరు. అట్ల అనుకుంటనే..."

ఆపేశాడు. విమలమ్మ వింటోంది.

ఎక్కడో చెరకు ట్రాక్టర్ పెద్ద పాట పెట్టుకుని రోడ్డు మీద పోయింది.

"బల్ల కొయ్యాలె," అన్నాడు ఆత్మారాం.

"వద్దు సారూ!" లింగం చెయ్యి అడ్డం పెట్టాడు. "నిన్న మా అవ్వ వచ్చి బొట్టు పెట్టి పోయింది. బొట్టు పెట్టినంక నీళ్లల్ల దిగేదాక పడవకు ఇనుము తాకొద్దు. మా తాతల కాడికెల్లి గదే పట్టింపు. తాకిచ్చినోళ్లు మంచిగ బతికింది లేదు. రేపటికి చుట్టాలను పిలిచిన. నా బామ్మర్ది ట్రాలీ తెస్తుండు. జర మీరే చెప్పుండ్రి, ఇప్పుడు కోస్తె అవ్వ ఊకుంటదా?"

పడవ ముక్కు మీద పసుపు ఆరి పగుళ్లు వేసింది. దాని మీద మూడు కుంకుమ బొట్లు. ఆత్మారాం అప్పటికే ఉలి అందుకున్నాడు కానీ రేకు మీద పెట్టలేదు. తనకు ఆ పట్టింపు లేదు. కానీ ఏట్లోకి పోయేది తను కాదు. రేపు వీళ్లకు ఏ కష్టమొచ్చినా, తాకించింది నా చెయ్యే అనుకోవాలి. తాకించకపోతే, పంపింది నా చెయ్యే అనుకోవాలి.

"ఒక్కసారి పోయొస్తం," అన్నాడు లింగం, బతిమాలుతున్నట్టు. "ఒడ్డు పొంటనే. మొక్కు తీరినంక మళ్ల తెస్త, మీకిష్టమున్నట్టు కొయ్యుండ్రి. నా పెండ్లాం రాకుంటె మానె, నేనొక్కన్నే పోత."

అప్పుడు విమలమ్మ కదిలింది. ఇన్నాళ్లూ పడవకు పది అడుగుల దూరంలోనే ఉన్న మనిషి గబగబా వచ్చి దాని ముక్కు దగ్గర నిలబడింది. కొంగును గుప్పిట్లోకి తీసుకుంది. ఒక బొట్టు తుడిచింది. రెండోది తుడిచింది.

"ఏయ్! ఏం చేస్తున్నవే?" లింగం కేకేశాడు. "ముత్తయిదువవు, బొట్టు తుడుస్తవా?"

మూడోదీ తుడిచింది. కొంగంతా ఎర్రగా అయింది. "పడవ బొట్టు తుడిస్తె మళ్ల పెట్టుకోవచ్చు," అంది. "నువ్వొక్కనివే పోయి, నాది తుడిస్తె ఎవ్వలు పెడ్తరు?"

లింగం అరుగు మీద కూలబడ్డాడు.

ఆమె ఆత్మారాం వైపు తిరిగింది. "బొట్టు లేదిగ. కొయ్యుండ్రి సారూ. మా అత్తకు నేను చెప్పుకుంట."

ఆయన మెల్లగా రివిట్ల తలలు ఎగరగొట్టాడు. పై రేకు లేపగానే పాత నీళ్ల వాసన గుప్పుమంది. కొత్తప్పుడు తెల్లగా ఉండి ఉంటుంది ఆ పలక. ఇప్పుడు నల్లగా, బురదలో చచ్చిన జంతువులా ఉంది. లింగం లేచి వచ్చి ఒక వైపు పట్టాడు. ఇద్దరూ కలిసి పైకి లాగేసరికి రొప్పు వచ్చింది. దాని ఒళ్లంతా నీళ్లు కారాయి.

పెట్టె అడుగున తెల్లటి పొడి పేరుకుని ఉంది. ఆత్మారాం దాన్ని చేత్తో పక్కకు తోశాడు. బొటనవేలితో అడుగు రేకును నొక్కాడు. పెద్దగా నొక్కలేదు.

వేలు దిగిపోయింది.

పడవ కిందికి వంగి చూస్తున్న విమలమ్మకు ఆయన వేలి కొస కనిపించింది. రేకు ఎప్పుడో తినుకుపోయింది. పొద్దుటినుంచి నీళ్లను ఆపింది తను వేసిన రంగు పొర ఒక్కటే. ఆయన వేలు వెనక్కి తీసుకోలేకపోయాడు. తీస్తే చిల్లు ఇంకా పెద్దదవుతుందన్నట్టు అలాగే ఉండిపోయాడు. విమలమ్మ నేల మీద కూర్చుని, చల్లటి ఇటుకకు తల ఆనించి కళ్లు మూసుకుంది.

లింగం ఫోన్ తీశాడు. "బామ్మర్దీ, రేపు ట్రాలీ వద్దు... లేదు, మంచిగ లేదు... అరె, చెప్తున్న గద, వద్దు." ఫోన్‌ను చెవికి దూరంగా పెట్టి ఆత్మారాంను అడిగాడు. "మ్యాకను తెచ్చిన, ఏం చెయ్యాలె అంటుండు."

"కొన్ని దినాలు బతకనీ," అన్నాడు ఆత్మారాం.

ఆ మాటకు విమలమ్మ కళ్లు తెరిచి కొంచెం నవ్వింది. ఆ పూట ఆయనకు దక్కింది ఆ నవ్వొక్కటే, అదే చాలనిపించింది.

ఆ తర్వాత పని నెమ్మదిగా సాగింది. తినుకుపోయిన మేర రేకు కత్తిరించి, లోపలా బయటా కొత్త రేకు వేసి, మధ్యలో మైనం లాంటి పేస్టు రాసి రివిట్లు దిగ్గొట్టాడు. నడిమి బల్లను ఈసారి మూసేయలేదు. పెట్టెకు తలుపులా తెరుచుకునే మూత పెట్టి, లోపల నురగ పలకకు బదులు మూతలు బిగించిన ఖాళీ నూనె డబ్బాలు సర్దాడు. మళ్లీ నీళ్లు నింపితే ఒక పగలూ ఒక రాత్రీ మట్టం కదల్లేదు. అయినా ఆయనకు నిద్ర పట్టలేదు. లింగం తల్లి కోపం మీద ఉండి, మొక్కుకు రానంది. కోడలే పసుపు కలిపి బొట్లు పెట్టింది. పెద్ద హడావిడి లేకుండా ఒక మంగళవారం పొద్దున పడవ మంజీరలో దిగింది.

ఆత్మారాం గట్టు మీద నిలబడ్డాడు. కూర్చోమని ఎవరో కుర్చీ తెచ్చి వేసినా కాళ్లు వంగలేదు.

విమలమ్మ ఒక కాలు పడవలో పెట్టి ఆగింది. ఆయన్ను ఏమీ అడగలేదు. రెండో కాలూ పెట్టి, నడిమి బల్ల మీద కూర్చుని తెడ్డు అందుకుంది. లింగం కర్రతో ఒడ్డును నెట్టాడు. పడవ ఊగింది. ఆమె తెడ్డు ఒళ్లోకి వదిలి రెండు చేతులతో అంచు పట్టుకుంది. ఊగడం ఆగాక తెడ్డు వేసింది.

కొంత దూరం పోయాక తెడ్డు పడవలో పెట్టి లేచి నిలబడింది. ఆత్మారాం ఒక అడుగు ముందుకేశాడు. ఆమె బల్ల మూత లేపి, పెట్టెలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమింది. చెయ్యి తీసి చూసుకుంది.

"ఎండగనే ఉన్నది, తడి లేదు సారూ!" అని కేకేసింది.

"వల దిక్కు సూడవే!" లింగం గొంతు నీళ్ల మీదుగా వచ్చింది. "బల్ల కింద చేపలుంటయా?"

"నువ్వు వల సూసుకో. నేను బల్ల సూసుకుంట."

మళ్లీ తెడ్డు వేసింది. పడవ చిన్నదవుతూ పోయింది. ఇప్పుడు మాటలు వినబడటం లేదు. నడి ఏట్లో లింగం నిలబడి వల లాగడం మొదలుపెట్టాడు. పడవ ఒక వైపు ఒరిగింది. ఆమె తెడ్డు ఆపి, మళ్లీ లేచి వంగింది.

అంత దూరానికి ఆమె చెయ్యి తడిగా ఉందో పొడిగా ఉందో కనిపించదు. ఆత్మారాం కళ్లు చికిలించి, గట్టు చివరిదాకా నడిచాడు. చెప్పుల్లోకి బురద వచ్చింది. ఆమె వంగే ఉంది. ఇంకా వంగే ఉంది.

తర్వాత కూర్చుంది. తెడ్డు మళ్లీ నీళ్లలో ఆడింది.