పదహారు పుంజాల లెక్క

సుభద్రమ్మ గంజి వారుస్తుంటే వెనకనుంచి మొగుడు రామచంద్రయ్య అన్నాడు. "సుభద్రా, మూడో తరగతిల ఫేలైన ఆ తొమ్మిది మంది ఆడపిల్లల పేర్లు కొట్టెయ్యి. శివరాత్రి నాడే బడి మానిన్రని రాయి. ఎల్లుండి బడి తనిఖీకి డిప్టీ సారు వస్తున్నడు."

అని, తువ్వాల భుజాన వేసుకుని స్నానానికి పోయాడు. ఆవిరి తగిలి చెయ్యి చుర్రుమన్నా సుభద్రమ్మ గిన్నె వదల్లేదు. వదిలితే అన్నం నేలపాలు, ఆ తర్వాత అత్తగారి నోట తను కూడా నేలపాలే.

చౌటుప్పల్‌కు ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఆ సమితి బడికి ఇద్దరే టీచర్లు. ఆయన హెడ్‌మాస్టరు, ఆమె అసిస్టెంటు. మూడో తరగతి ఆమెది. పన్నెండు మంది మగపిల్లల్లో పదకొండు మంది పాసయ్యారు, తొమ్మిది మంది ఆడపిల్లల్లో ఒక్కతీ కాలేదు. పై ఆఫీసుకు ఇదే లెక్క పోతే బడి సగం తప్పినట్టు. ఆ తొమ్మిది పేర్లు తీసేస్తే ఒక్కడే తప్పినట్టు. చౌటుప్పల్ మిడిల్ స్కూల్ హెడ్‌మాస్టరు కుర్చీ ఆ తేడాలోనే ఉందని ఆయన నమ్మకం. "ఎట్లాగూ వస్తలేరు గద, పేరుంటే ఎంత, పోతే ఎంత?" అని నిన్న పీట మీద కూర్చునే అన్నాడు. అనడానికేం, నోటికి కట్టె అడ్డమా? పేరు పోయిన ఆడపిల్ల మళ్లీ బడి గడప తొక్కదని సుభద్రమ్మకు తెలుసు. ఆమె వచ్చిన ఈ ఆరేళ్లలో ఒక్కతీ తొక్కలేదు.

వడ్డించింది, ఎంగిళ్లు తీసింది, గిన్నెలు తోమింది. మనసు మాత్రం ఒక్క చోట నిలవడం లేదు. ఇద్దరూ ఒకే బడినుంచి ఒకే దారిన ఇంటికొస్తారు. "నా కొడుకు అలిసిపోయిండు, నీళ్లియ్యి" అంటుంది అత్త నర్సింగమ్మ. కోడలు ఏం చేసి వచ్చిందో ఆమెకు ఏనాడూ పట్టలేదు. పగలంతా నీడలో ఊరికే కూర్చుని వస్తుందని ఆమె లెక్క.

"తండ్రుల వేలిముద్రలు పట్టుకరా" అని, పిల్లలు బడి మానినట్టు రాసిన కాగితం చేతిలో పెట్టాడాయన. ఎండలో పద్మశాలీల వాడకు పోయే పని మాత్రం అసిస్టెంటుది.

మొదటి ఇల్లు భీమయ్యది. మగ్గం గుంటలో ఆయన నేస్తున్నాడు. గోడ పక్కన ఆయన కూతురు ఉప్పలమ్మ ఆసు పోస్తోంది. మేకులు కొట్టిన చెక్క ముందు నిలబడి దారాన్ని ఒక్కో మేకుకూ తిప్పుతోంది. తొమ్మిదేళ్ల పిల్ల, చెయ్యి ఆగడం లేదు.

"పొద్దటిసంది ఇదే పనా?" అంది సుభద్రమ్మ.

"పిల్ల బడికొస్తే ఆసు ఎవరు పోస్తరు పంతులమ్మా?" అన్నాడు భీమయ్య. కోపం లేదు మాటలో, ఉన్నదే చెప్పాడు. "దాని తల్లికి రెక్క పడిపోయింది, ఈ పని జేసీ జేసీ."

సుభద్రమ్మకు కాగితం ఇవ్వబుద్ధి కాలేదు. ఊరికే నిలబడలేక అడిగింది. "ఎన్ని పుంజాల పడుగే?"

"పదహారు."

"ఎన్ని పోగులైతయి?"

"పుంజానికి నూట ఇరవై. అన్నీ కలిపి పందొమ్మిది నూర్ల ఇరవై." చెయ్యి ఆగలేదు, తలా తిప్పలేదు.

సుభద్రమ్మ చేతిలో కాగితం మడిచేసింది. పోయిన వారం పరీక్షలో తను ఇచ్చిన లెక్క అదే. నూట ఇరవైని పదహారుతో హెచ్చవేయుము. ఉప్పలమ్మ పలక ఖాళీగా ఇచ్చింది. ఖాళీ పలక చూసి తనే సున్నా వేసింది.

"మరి గా దినం ఎందుకు రాయలేదే?"

ఈసారి చెయ్యి ఆగింది. "హెచ్చవెయ్యుమంటే ఏందో నాకెరుక లేదు టీచరమ్మా. ఆ మాట చెప్పిన నాడు నేను గీడనే ఉన్న." తండ్రి వైపు చూసి మళ్లీ దారం అందుకుంది.

తక్కిన ఇళ్లన్నీ తిరిగింది. ఒక పిల్ల కండెలు చుడుతోంది, ఒకతి తమ్ముణ్ణి చంకనేసుకుని సంకటి కెలుకుతోంది. దర్జీ తాజుద్దీన్ కూతురు జాహేదా కాజాలు కుడుతోంది. రోజుకెన్ని కాజాలు, వారానికెన్ని అని అడిగితే టక్కున చెప్పింది. లెక్క రాని పిల్ల ఎక్కడా కనబడలేదు. లెక్క అడగడం రానిది తనకే.

వచ్చే దారిలో తన సంగతి గుర్తుకొచ్చింది. మెట్రిక్ ప్రైవేటుగా కడతానంటే, "దానికి చదువు మీద ధ్యాస లేదు" అని రామచంద్రయ్యే ఆమె బాపుకు ఉత్తరం రాశాడు. అప్పుడామె నెల కూడా నిండని పచ్చి బాలింత. ధ్యాస లేదట! ఇన్నేళ్లకు ఆ మాటకు ఏడుపొచ్చింది, ఏడుపు వెనకే కోపమొచ్చింది.

రామచంద్రయ్య అరుగు మీద కాచుకుని ఉన్నాడు. "వేలిముద్రలేవి?"

"తేలేదు." లోపలికి పోయి రిజిస్టరు తెచ్చి ఆయన ముందే తెరిచింది. తొమ్మిది పేర్లూ అట్లాగే ఉంచింది. ఫేలుకు కారణం రాసే గడిలో, ఒక్కో పేరుకెదురుగా, తొందరపడకుండా రాసింది. 'పిల్లకు లెక్క వచ్చును. పంతులమ్మ అడిగిన మాట రాదు. మరల పరీక్షించవలెను.'

ఆయన వంగి చదివాడు, మొహం ఎర్రబడింది. "నీకేమన్న పిచ్చా? ఇది డిప్టీ సారు చూస్తే నా కుర్చీ కాదు, ముందు నీ నౌకరీ పోతది."

"పోతే పోనియ్యి" అంది. ఆయనతో 'మీరు' విడిచి మాట్లాడడం అదే మొదలు. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది. "నా పేరు కొట్టేసే దినమొస్తే, కారణం నేనే రాసుకుంట."