గోడ యజమాని సంతకం

మా వార్డు కౌన్సిలరును అందరూ రూల్సు సారు అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ల నోట్లో పంచదార పొయ్యాలి.

గోడల మీద పిచ్చిరాతలు తుడిపించడానికి కౌన్సిల్ ఏటా నిధులు ఇస్తుంది. పోయిన సంవత్సరం మా లాండ్రీకి ఎదురుగా ఉన్న గోదాము గోడ మీద ఎవడో, వాడి చేతులు పడిపోను, మా అమ్మాయి పేరు రాసి పక్కనే బూతులు రాశాడు. పరుగున కౌన్సిల్ ఆఫీసుకు వెళ్లాను.

"ప్రైవేటు గోడమ్మా. యజమాని సంతకం లేకుండా ప్రజల సొమ్ము ఖర్చు పెట్టలేం" అన్నాడు సారు.

"ఆ గోదాము మీ బావమరిదిదే కదా సార్. ఒక్క ఫోన్ కొట్టండి."

"వాడు ఊళ్లో లేడు. వచ్చాక చూద్దాం."

నేనే రంగు డబ్బా పట్టుకెళితే, పరాయి గోడ ముట్టుకుంటే కేసు పెట్టిస్తానన్నాడు. బావమరిది తాపీగా ఊడిపడేసరికి మా అమ్మాయి కాలేజీ మానేసింది. గోడ శుభ్రమయ్యాక కూడా గడప దాటలేదు. రోజంతా ఇస్త్రీ బల్ల వెనకే కూర్చునేది.

మొన్న మా లాండ్రీ వెనక గోడ మీద ఎవరో ఎర్ర రంగుతో సారు పేరు రాసి, కింద 'లంచాల పుట్ట' అని రాశారు. ఆ గోడ సరిగ్గా సారు ఇంటి వాకిలికి ఎదురు. ఒట్టు, రాసింది నేను కాదు. చదువుకుని మాత్రం కడుపు నిండా నవ్వుకున్నాను.

మధ్యాహ్నానికల్లా నీళ్ల ట్యాంకరు, తుడిచే మనుషులు, సారు దిగిపోయారు. సారు లాండ్రీలోకి వచ్చి సంతకం కోసం కాగితం నా ముందు పెట్టాడు.

"గోడ యజమానురాలు ఊళ్లో లేదు సార్. వచ్చాక చూద్దాం" అన్నాను.

"యజమానురాలివి నువ్వే కదమ్మా!"

"అవునా? ఆవిడ రాగానే చెబుతాను."

తుడిచేవాళ్లు మొహాలు తిప్పుకుని నవ్వారు. సారు గొంతు తగ్గించాడు. "మా ఆవిడ వాకిట్లోకి రావట్లేదమ్మా. తలుపులేసుకుని ఏడుస్తోంది. నువ్వూ ఆడదానివే, అర్థం చేసుకో."

పాడు మనసు, ఆ మాటకు మెత్తబడింది. పెన్ను అందుకున్నాను.

మా అమ్మాయి ఇస్త్రీ బల్ల వెనక నుంచి లేచి వచ్చి దాన్ని నా చేతిలోంచి లాక్కుంది.

"అప్పుడు నేనూ మీ దగ్గరికి వచ్చాను కదా సార్" అంది. "ఆ గోడ చూడలేకపోతే వేరే దారిలో వెళ్లమన్నారు. ఆంటీకీ అదే చెప్పండి."

అది ఆయన దగ్గరికి వెళ్లిన సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నేను కాగితం మడిచి ఆయన జేబులో పెట్టాను.

మా అమ్మాయి చెప్పులు వేసుకుంది. "ఇప్పుడే వస్తానమ్మా" అని, ఆ ఎర్ర అక్షరాల ముందు నుంచే వీధిలోకి నడిచింది.