తోడికోడలి రెండు వాక్యాలు

పొద్దున్నే తాళంచెవి పట్టుకుని వీధిలోకి రాగానే పెద్దామె చేసే మొదటి పని, తన కొట్టు ఎక్కడుందో వెతుక్కోవడం. ఆ వీధిలో అందరికీ అదే పని. జనం ఫోన్లలో వెతికినప్పుడు ఏ కొట్టు పేరు ముందొస్తుందో, తెల్లారేసరికి కొట్లు కూడా అదే వరసలో సర్దుకుంటాయి. ముందున్నవి బస్టాపు దగ్గరికి జరుగుతాయి, వెనకబడ్డవి మురుక్కాలవ వైపుకి. నిన్న మంగలి పక్కనున్న టీ కొట్టు ఇవాళ తాళాలవాడి పక్కన కనిపిస్తే ఎవరూ వింతపడరు. "ఇవాళ ఇటొచ్చావా" అని పలకరించి గ్లాసు అందుకుంటారు.

బస్టాపు ఎదురుగా ఉన్న మొదటి కొట్టు మాత్రం రెండేళ్ళుగా కదల్లేదు. అది పెద్దామె తోడికోడలిది. చిన్నామె కొత్త బట్టలు కుట్టించి అమ్ముతుంది. పెద్దామెది పాత బట్టలు విప్పి, ఒంటికి సరిపడేలా మళ్ళీ కుట్టే పని. చుట్టాలెవరొచ్చినా "చిన్నకోడలి కొట్టు చూశాం, ఎంత కళగా ఉందో" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా పెద్దామెకి కళ్ళలో కారం పడ్డట్టుండేది. పైకి మాత్రం నవ్వేది. ఆ నవ్వు ముఖానికి పిన్నులు గుచ్చి నిలబెట్టినట్టుండేది.

"నెలాఖరుకి ఖాళీ చేసేద్దాం" అన్నాడు మొగుడు. "మిషను ఇంట్లో వేసుకుందువుగాని. ఎవరూ రాని కొట్టుకి రోజూ తాళం తియ్యడమెందుకు?"

"మీ తమ్ముడి పెళ్ళాం కొట్టైతే ఇలా అంటారా?"

అతను చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అదే ఆమెకి ఎక్కువ మండింది.

ముందు వరసలో నిలవడానికి చిన్నామె చేసేదల్లా మెటా ట్యాగులు కుదురుగా రాసుకోవడం. ప్రతి కొట్టుకీ ఉండే వెబ్ పేజీ నెత్తిన దాచిపెట్టే మాటలవి. ఒకటి పేజీ పేరు చెబుతుంది, ఇంకొకటి రెండు వాక్యాల్లో సంగతి చెబుతుంది. పేజీ తెరిచినవాళ్ళకి కనబడవు గానీ, వెతికేవాళ్ళ కంటికి ముందు ఆనేవి అవే.

'ఇంతేనా, ఇదేం బ్రహ్మవిద్య' అనుకుంది పెద్దామె. బట్టలు, కొత్త బట్టలు, మంచి బట్టలు, చవక బట్టలు, పెళ్ళి బట్టలు, పిల్లల బట్టలు అంటూ తోచిన మాటల్నల్లా తన పేజీ నెత్తిన కుక్కింది. మర్నాడు కొట్టు మురుక్కాలవ అంచున ఉంది. షట్టరు ఎత్తబోతే దోమలు ఎదురొచ్చాయి.

"ఊళ్ళో ఉన్న మాటలన్నీ కూరేశావా అమ్మా?" అన్నాడు తాళాలవాడు. "అలా కూరితే ఫోను కిందికే తోసేస్తుంది. నాకూ అయింది."

ఆ సాయంత్రం తోడికోడలి పేజీ వెనక ఏముందో తెరిచి చూసి, పొల్లు పోకుండా దించేసుకుంది. తెల్లారి చూస్తే కొట్టు బస్టాపు దగ్గరే ఉంది. కాకపోతే చిన్నామె కొట్టు వెనకాల, దాని గోడకేసి మొహం పెట్టుకుని. రోజంతా గోడ అవతలినుంచి బేరాలూ నవ్వులూ వినిపిస్తూనే ఉన్నాయి. పెద్దామె ఒక్క దారమైనా తెంపలేదు.

కత్తిరింపులు పారెయ్యడానికి వెనక్కొచ్చిన చిన్నామె ఆగిపోయింది.

"అక్కా, నా వాక్యాలు తీసుకున్నావా?"

"నీ వాక్యాలేమైనా పుట్టింటివాళ్ళు పెట్టారా? మాటలు అందరివీ."

"అందరివే. కానీ రెండు పేజీలు ఒకటే మాట చెబితే, రెండోదాన్ని ఎవరు లెక్క చేస్తారు? నన్నడిగితే చెప్పేదాన్ని కదా."

"నిన్నెందుకడగాలి?"

చిన్నామె చేతిలోని కత్తిరింపులు గుమ్మరించింది. "నీ దగ్గరికొచ్చేవాళ్ళు ఏమని వెతుక్కుంటూ వస్తారో అది రాయక్కా. కొత్త బట్టలు నువ్వు కుట్టవు కదా" అని లోపలికి వెళ్ళిపోయింది.

మాట మెత్తగానే ఉంది. అయినా పెద్దామెకి ఒళ్ళంతా కాలిపోయింది. ఆ సలహా తప్పైతే ఎంత బాగుండునో అని మధ్యాహ్నం దాకా కోరుకుంది.

మధ్యాహ్నం ఒకావిడ గోడ పట్టుకుని సందులోంచి లోపలికొచ్చింది. భుజానికి ఆపరేషన్ అయిందట, కుడిచెయ్యి పైకి లేవదట. తన చొక్కాల్లో ఒక్కటీ తొడుక్కోలేకపోతోందట. పెద్దామె ఆమెని కూర్చోబెట్టి, ఆవిడ తెచ్చిన చొక్కా పక్క కుట్టు నడుం నుంచి చేతి చివరిదాకా విప్పి, గుండీలు పెట్టింది. ఆవిడ ఎవరి సాయమూ లేకుండా తొడుక్కుని, గుండీలన్నీ తనే పెట్టుకుంది.

"ఇంట్లో రోజూ ఎవరో ఒకరు తొడగాల్సొచ్చేది" అంది.

"ఫోన్లో ఏమని వెతికారు?" అడిగింది పెద్దామె.

"చెయ్యి లేవనివాళ్ళకి చొక్కా అని. ఏమీ రాలేదు. ఆ వీధీ ఈ వీధీ అడుగుతూ వచ్చాను."

ఆవిడ వెళ్ళాక పెద్దామె పేజీ నెత్తిన ఉన్నదంతా చెరిపేసింది. 'చెయ్యి లేవనివాళ్ళకి చొక్కా సరిచేసే కొట్టు' అని పేరు పెట్టింది. దాని కింద రెండు వాక్యాలు రాసింది: 'జబ్బుపడి లేచాక మీ బట్టలు మీకు పట్టకపోతే, వాటినే మళ్ళీ సరిపోయేలా కుడతాం. కూర్చునే కొలతలివ్వచ్చు.' తోడికోడలి సలహా నిజమైనందుకు పళ్ళు నూరుకుంటూనే రాసింది.

మర్నాడు వీధంతా రెండుసార్లు తిరిగినా కొట్టు లేదు. మురుక్కాలవ దగ్గరా లేదు.

"నీ కొట్టు పొద్దున్నే ఆసుపత్రి వైపు పోతుంటే పాలవాడు చూశాడట" అన్నాడు తాళాలవాడు.

కొట్టు ఆసుపత్రి గేటుకీ మందుల షాపుకీ మధ్య, ఎప్పట్నించో అక్కడే ఉన్నట్టు నిలబడి ఉంది. ముందు మెట్టు మీద బట్టల మూటలతో మనుషులు కూర్చుని ఉన్నారు. కొట్టు ఖాళీ చెయ్యడానికని వచ్చిన మొగుడు వాళ్ళని చూసి, కుర్చీలు తేవడానికి వెళ్ళాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు చిన్నామె గొడుగు ముడుస్తూ లోపలికొచ్చింది. నడుం కట్టు వేసుకున్న ముసలాయన ఒకడు సరిచేసి కుట్టిన పంట్లాం తనంతట తనే తొడుక్కొచ్చి, పెద్దామె చేతులు పట్టుకుని వదల్లేదు. చిన్నామె అదంతా చూసింది.

"నా కొట్లోవాళ్ళు అద్దం వంకే చూస్తారక్కా" అంది. "నా వంక ఎవరూ చూడరు."

గొంతులోని ఆ ఈర్ష్య పెద్దామెకి బాగా తెలుసు. ఇన్నాళ్ళూ అది తన గొంతులోదే. అది తోడికోడలి గొంతులో వినబడితే పండగలా ఉంటుందనుకునేది. ఉంది కూడా, కాసేపు. తర్వాత చిన్నామె తడిసిన కాళ్ళు కనబడ్డాయి.

"నిలబడ్డావేం, కూర్చో. చేతనైతే ఈ కాజాలు కుట్టిపెట్టు."

చిన్నామె సూది పట్టి ఎన్నేళ్ళయిందో. అయినా వంచిన తల ఎత్తకుండా కుట్టింది. కుట్లు సన్నగా, దగ్గరదగ్గరగా, పెద్దామె కుట్లకంటే అందంగా పడుతున్నాయి. పెద్దామె తను కుట్టినదాన్ని మడతపెట్టి ఒళ్ళో దాచుకుంది.

దాచుకుంటూనే, దీపాన్ని కాస్త ఆమె వైపుకి జరిపింది.